దేవుడికి వదిలిన గుర్రం

రాజ్యం ఏర్పడిందన్న కబురు దారిజాబ్ గుడారానికి చేరేసరికే ఆ రాజ్యానికి గుర్రాలు కావలసివచ్చాయి. కబురూ, గుర్రాల కోసం సైనికులూ ఒకే వారంలో వచ్చారు.

కబురు మోసుకొచ్చినవాడు ఒంటెల మీద ఉప్పు తెచ్చే వ్యాపారి. బైకాల్ సరస్సు ఒడ్డున ఉండే బుర్యాతులూ, కెర్లెన్ నది వెంట ఉండే మన హల్హాలూ, తూర్పున బర్గాలూ, చైనా గోడను ఆనుకుని ఉండే చాహార్లూ, తెగలన్నీ ఒక్కటైపోయాయనీ, సేనాని తోగ్మిత్ అందరికీ కలిపి ఒకే ధ్వజం ఎత్తాడనీ చెప్పాడు. చైనావాళ్ళ పీడా లేదు, రష్యావాళ్ళ పీడా లేదు, భూమి అంచు దాకా ఇక మనదే అన్నాడు. దారిజాబ్ అంతా విని, "భూమి అంచు దాకా గొర్రెలు మేపడానికి మనుషులు మిగిలారా మరి?" అంది. వ్యాపారి నవ్వుతూ ఒంటెను లేపుకుని వెళ్ళిపోయాడు.

గుర్రాల సంగతి చెప్పింది మాత్రం బావగారు సోద్నోమ్. ఆమె చనిపోయిన భర్తకు అన్న. గుట్టకి అవతలి వాలులో ఒక్కడే ఉంటాడు. సాయంత్రమయ్యేసరికి తన బూడిదరంగు ఆడగుర్రం మీద గుట్ట దిగి వస్తాడు. పడమటి వైపు, గుమ్మంకేసి తిరిగి కూర్చుని రెండు గిన్నెల ఉప్పు టీ తాగి, నశ్యం పీల్చి, నాలుగు మాటలు మాట్లాడతాడు. ఒక్కోరోజు ఆ నాలుగూ ఉండవు. ఎడమ మోకాలు వంగదు కాబట్టి లేచేటప్పుడు ఎవరినో తిట్టుకుంటూ లేస్తాడు. ఆ రాకపోకలు తప్ప దారిజాబ్‌కి మనిషి గొంతు వినపడేది ఎప్పుడో గాని లేదు.

"నది వంపు దగ్గర మంద పోగేస్తున్నారమ్మా," అన్నాడు ఆ సాయంత్రం. "లోయకి నాలుగు గుర్రాలట, దొరికిన ఇంటి నుంచి ఒకటి."

"ఒక్కటే ఉన్న ఇంటి నుంచి కూడానా?"

"ఒక్కటే ఉంటే ఆ ఒక్కటీ."

దారిజాబ్ టీ గరిటె గిన్నెలో పెట్టి బయటికి చూసింది. గుమ్మంలోంచి ఆమె గుర్రం కనిపిస్తూనే ఉంది. గోధుమ వన్నె, వీపు పొడుగునా నల్లటి చార, నల్లటి జూలు. రెండేళ్ళ కిందట తోగ్మిత్ ఇంకా కొన్ని వందల కత్తులకు మాత్రమే నాయకుడుగా ఉన్న రోజుల్లో, ఆయన ధ్వజం వెంట రైలు స్టేషన్ మీదికి దాడికి వెళ్ళిన కుర్రాళ్ళలో ఆమె కొడుకు ఉన్నాడు. వెళ్ళినవాడు రాలేదు. గుర్రం వచ్చింది. అప్పట్నుంచీ ఆమె నీళ్ళకి వెళ్ళినా, గొర్రెల వెనక వెళ్ళినా దాని మీదే వెళుతుంది. దానితోనే మాట్లాడుతుంది. పోయినవాడి పేరు నోటితో పలకకూడదు గనక ఆ పేరు ఒక్కటి తప్ప తక్కినవన్నీ దానికి చెప్పుకుంటుంది.

"పడుకో. పొద్దున చూద్దాం," అని సోద్నోమ్ లేచాడు, మోకాలిని తిట్టుకుంటూ.

*

పొద్దున్నే ఆమె వీపున బుట్ట వేసుకుని, చేతిలో కొంకి కర్రతో ఎండు పేడ ఏరుతోంది. కర్రతో ఎత్తి భుజం మీదుగా వెనక్కి విసిరితే చూడకుండానే బుట్టలో పడాలి. నలభై ఏళ్ళుగా పడుతూనే ఉంది. ఆ రోజు రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి తలెత్తి చూస్తే ఉత్తరం వైపు మిట్ట మీద దుమ్ము లేస్తోంది. గాలి దుమ్ము కాదు. గాలి దుమ్ము అలా ఒకే దారిన రాదు.

బుట్ట అక్కడే వదిలేసి గుడారంలోకి పరిగెత్తింది. దేవుడి పెట్టె మీద పరిచిన నీలి పట్టు కండువా తీసి, అంచు పళ్ళతో పట్టి జానెడు వెడల్పున చింపింది. బయటికొచ్చి గుర్రం జూలులో, మెడ నడుమ ఆ పట్టీ కట్టింది. ఆమె అనుకున్నది అంతవరకే. పట్టీ కనపడితే చాలు. సెతెర్ కట్టిన గుర్రం దేవుడిది. దాన్ని ఎవరూ ఎక్కరు, అమ్మరు, కొయ్యరు. ఆడవాళ్ళైతే చెయ్యి కూడా వెయ్యరు. తనంతట తాను ముసలిదై పడిపోయేదాకా అది మేస్తూ తిరుగుతుందంతే. అలాంటి గుర్రాన్ని ఎక్కిన సైనికుడికి కొరడా దెబ్బలని తోగ్మిత్ స్వయంగా ఆజ్ఞ ఇచ్చాడని అందరికీ తెలుసు. దొంగ సెతెర్ కట్టినవాళ్ళకీ, దానికి సాక్ష్యం చెప్పినవాళ్ళకీ కూడా అవే దెబ్బలని కూడా తెలుసు.

కట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ చెయ్యి ఊరుకోలేదు. చిన్నప్పట్నుంచీ చూసిన చెయ్యి అది. పుట్టింట్లో, అత్తింట్లో పట్టీ కట్టిన ప్రతిసారీ ఏం జరుగుతుందో దానికి తెలుసు. గుమ్మం పక్కనున్న బిందెలోంచి పాలు తీసుకుని వేలితో గుర్రం నుదుట అద్దింది, జూలు మీద చిలకరించింది. చిలకరిస్తూ ఉండగా నోరు కూడా తన పని తాను చేసుకుపోయింది.

"నిన్ను దేవుడికి వదిలాను. నీ వీపు ఖాళీ, నీ దారి నీది."

మాట బయటికి వచ్చాక గాని ఏమందో ఆమెకు వినపడలేదు. చుట్టూ ఎవరూ లేరు. గుర్రం నుదుటి మీద పాల చుక్క ముక్కు మీదికి జారుతోంది. తుడిచేద్దామని చెయ్యెత్తి, ఆ చేతిని అలాగే వెనక్కి తీసుకుంది.

సైనికులు అయిదుగురు. వాళ్ళ దళపతి నాసన్ అనే చాహార్ మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి, ముఖం ఎండకి కమిలిపోయి ఉంది. కొరడా గుమ్మం బయటే వదిలి మర్యాదగా లోపలికొచ్చాడు.

"సుఖంగా ఉన్నారా పెద్దమ్మా? గొర్రెలు బలిశాయా?"

"బలిశాయి నాయనా. నీ ప్రయాణం చల్లగా సాగిందా?"

"సాగింది. గడ్డి బాగుంది ఈ ఏడు."

ఆమె టీ పోసింది. అతను గిన్నె రెండు చేతులతో అందుకుని, లోపలికి చూసి కాస్త తటపటాయించాడు. "వేయించిన వరిగలు ఉన్నాయా పెద్దమ్మా? మా వైపు టీలో వేసుకుంటాం."

"టీలో వరిగలేమిటి నాయనా, పిట్టలకి వేసినట్టు!"

గుమ్మం దగ్గర కూర్చున్న సైనికులు పకపకా నవ్వారు. దళపతి కూడా నవ్వేశాడు. "రాజ్యం ఒకటయింది గాని టీ ఇంకా ఒకటి కాలేదన్నమాట. సేనానితో చెప్పాలి."

మంచివాడే అనుకుంది దారిజాబ్. అందుకే ఇంకా భయం వేసింది. ఆ టీ తాగుతుండగానే బయట గిట్టల చప్పుడయింది. సోద్నోమ్. పొద్దున పూట ఎప్పుడూ రానివాడు ఇవాళ వచ్చాడు. లోపలికి రాకుండా గుర్రం మీదే కూర్చున్నాడు.

బయటికొచ్చిన దళపతి గోధుమ వన్నె గుర్రాన్ని దూరం నుంచే చూసి, "అబ్బ!" అన్నాడు. గుర్రం తెలిసినవాడి నోట వచ్చే అబ్బ అది. దగ్గరికి వెళుతూ వెళుతూ ఆగిపోయాడు. జూలులో నీలి పట్టీ చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, నుదురు వంచి నమస్కరించాడు. సైనికులు కూడా టోపీలు తీశారు.

"ఎవరు కట్టారు పెద్దమ్మా దీనికి?"

ఆమెకు నోరు పెగల్లేదు. పట్టీ కట్టేటప్పుడు ఈ ప్రశ్న వస్తుందని తట్టనే లేదు. పాలు చిలకరించడం గుర్తున్న బుర్రకి ఇంత చిన్న సంగతి గుర్తులేకపోయింది. 

"మా గుడి లామా కట్టాడు. పోయిన వసంతంలో," అన్నాడు సోద్నోమ్ గుర్రం మీద నుంచే. "ఈ ఎండాకాలమే పోయాడు పాపం. కట్టేటప్పుడు ధూపం పట్టుకున్నది నేనే."

పోయిన వారం ఆ గుర్రం మీద ఆమె గుట్ట ఎక్కి రావడం చూసినవాడు ఆయన. దారిజాబ్ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఎటో చూస్తున్నాడు.

దళపతి ఒక్క క్షణం ఆగి తల ఊపాడు. తర్వాత తన మనుషుల వైపు తిరిగి, మళ్ళీ సోద్నోమ్ వైపు తిరిగాడు. చెప్పడానికి ఇబ్బంది పడుతున్నవాడిలా గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, ఈ లోయకి నాలుగు గుర్రాలని ఆజ్ఞ. మూడు దొరికాయి."

సోద్నోమ్‌కి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కర్రలా బిగిసిన కాలిని అటునుంచి ఇటు తిప్పుకుని మెల్లగా దిగాడు. గుర్రం పొట్ట కింది పటకా వదులు చేసి, జీను తీసి భుజాన వేసుకున్నాడు. కళ్ళెం సైనికుడి చేతికిచ్చాడు.

"జీను కూడా ఇవ్వు తాతా," అన్నాడు ఆ సైనికుడు.

"రాజ్యం గుర్రాన్ని అడిగింది గాని జీను అడగలేదుగా. ఇది నా నడుము కొలత."

జీనుతో గుట్ట వైపు నడక మొదలుపెట్టాడు. దారిజాబ్ టీ గిన్నె చేత్తో పట్టుకునే కొంత దూరం వెంట వెళ్ళింది. "బావగారూ..." అంది. ఆయన వెనక్కి తిరగలేదు. "ఇంటికి పోమ్మా. అతిథులున్నారు," అని మాత్రం అన్నాడు.

ఆడగుర్రం సైనికుల గుర్రాల మధ్య నడుస్తూ రెండుసార్లు సకిలించింది. అది న్యాయం కాదు. దారిజాబ్‌కి తెలుసు. నోరు తెరిస్తే ఆగిపోయేది, అదీ తెలుసు. ఆమె నోరు తెరవలేదు.

*

మర్నాడు తెల్లవారగానే గోధుమ వన్నె గుర్రం ఎప్పటిలాగే వచ్చి కట్టుకొయ్య దగ్గర నిలబడింది, జీను కోసం. ఆమె నీళ్ళ బిందెలు తీసుకుని దాని పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. కొంత దూరం అది వెంట వచ్చింది. తర్వాత ఆగి, చెవులు ముందుకి పెట్టి చూస్తూ ఉండిపోయింది.

నది దాకా నడిచి వెళ్ళి నడిచి వచ్చేసరికి సగం పూట పోయింది. గొర్రెలు అప్పటికే ఎటో పోయాయి. వాటి వెనక మళ్ళీ నడక. సాయంత్రం టీ కాచింది, రోజూ కాచినంతా. ఎవరూ రాలేదు. రారని తెలిసే కాచింది. మిగిలిన టీ పొద్దున వెచ్చబెట్టుకుని తాగింది.

రెండో రోజో మూడో రోజో జీను బయటికి తెచ్చింది. చుట్టూ ఎంత దూరం చూసినా ఎవరూ లేరు. గుర్రం సంతోషంగా పక్కకి జరిగి వీపు ఇచ్చింది. జీను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. చేతులు పీకాయి. దొంగ పట్టీయే, తన చేత్తో తాను కట్టిందే. లామా లేడు, మంత్రం లేదు. కానీ పాలు నిజం పాలు. మాట నిజంగా అన్నది. మనుషుల దగ్గర ఆడిన అబద్ధం దేవుడి దగ్గర నిజమై కూర్చుంటే ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. జీను మళ్ళీ లోపల పెట్టేసింది. గుర్రం అలాగే వీపు ఇచ్చి నిలబడి ఉంది. దాని మెడ మీద చెయ్యి వెయ్యాలని ప్రాణం పీకింది. వెయ్యలేదు. ఇన్నాళ్ళూ ఒంటరితనం అనుకున్నది అసలు ఒంటరితనమే కాదని ఆమెకి అప్పుడు తెలిసింది.

ఆ మధ్యాహ్నం ఎండు పెరుగు ముక్కలు మూటగట్టుకుని గుట్ట ఎక్కింది. సోద్నోమ్ గుడారంలో లేడు. అవతలి వాలులో, రాళ్ళ మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు. చెడిన కాలు ముందుకి చాపి, రెండు చేతులతో మోకాలు నలుపుకుంటున్నాడు. అంగీ ముందువైపంతా మట్టి. నిలబడి ఎక్కలేక చేతుల మీద పాకుతూ వచ్చాడని చూడగానే తెలుస్తోంది.

"ఏమయింది బావగారూ?"

"ఏమవుతుంది. తోడేలుకి కూడా రాజ్యం వచ్చిన సంగతి తెలిసినట్టుంది. రెండు గొర్రెలు పన్ను కట్టాను." మూట అందుకుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "చూస్తూనే ఉన్నాను. ఇక్కడి నుంచి అక్కడికి, అంత దూరమే. అరిచాను. నేను నడిచి వెళ్ళేలోపు అది తీరిగ్గా భోంచేసింది."

ఆమె పక్కనే రాయి మీద కూర్చుంది. 

"నా గుర్రం తీసుకెళ్ళండి," అంది.

"దేవుడిదాన్ని నేనెలా ఎక్కుతానమ్మా?"

"దేవుడిది ఎలా అయిందో మీకు తెలుసుగా."

"తెలుసు. నుదుటి మీద పాల మరక చూశాను." నవ్వినట్టు ముక్కుతో శబ్దం చేశాడు. "గుడ్డముక్క కట్టి ఊరుకోవలసింది. పాలు కూడా ఎందుకు పోశావు, పిచ్చిదానా?"

"చెయ్యి ఊరుకోలేదు."

"అదీ నిజమే," అన్నాడు. "పోన్లే. రాజ్యం గుర్రమెక్కింది, మనం దిగాం. ఎవరో ఒకరు నడవాలిగా."

"ఎందుకలా చెప్పారు బావగారూ, ఆ రోజు?"

ఆయన గొర్రెల్ని చూసి ఒక ఈల వేశాడు. అవి లక్ష్యపెట్టలేదు. లేవబోతే కాలు మొరాయించింది. మర్యాద ప్రకారం తమ్ముడి భార్య చెయ్యి అందించకూడదు. ఆమె తన కొంకి కర్ర అందించింది. దాన్ని పట్టుకుని లేచి, తిట్టుకోకుండానే నడిచాడు. ఆయన మోకాలిని తిట్టుకోకపోవడం ఆమెకి అన్నిటికంటే బాధ అనిపించింది.

*

దళపతి నాసన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట ఒక్కడే సైనికుడు. చేతిలో తెల్లటి పట్టు కండువా. దారిజాబ్ నదినుంచి బిందెలు మోసుకుని వస్తూ ఎదురుపడింది. అతను గుర్రం దిగి, ఆమెతో పాటు నడిచాడు.

"శుభవార్త తెచ్చాను పెద్దమ్మా. బర్గా సరస్సు దగ్గర సేనాని మహాధ్వజం నిలబెడుతున్నారు. ఒక్కో సీమ నుంచి ఒక్కో సెతెర్ గుర్రం దాని చుట్టూ తిరుగుతూ మేస్తుంది, బతికినంత కాలం. ఈ సీమకి మీ గుర్రం పేరు నేను చెప్పాను. మీ ఇంటికి గౌరవం."

ఆమె బిందెలు దించింది. "నన్నడక్కుండానే చెప్పావా?"

"అడిగితే ఏం చెబుతారో తెలుసు కాబట్టి చెప్పాను." అతను సైనికుడిని దూరంగా ఉండమన్నట్టు చెయ్యి ఊపి, గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, వసంతంలో కట్టిన పట్టు ఎండకీ వానకీ ఈపాటికి తెల్లబడాలి. మీరు కట్టింది నిన్న విప్పిన కండువాలా ఉంది. డొక్కలో పటకా రాసుకున్న వెంట్రుకలు ఆ రోజుకింకా లేచి నిలబడలేదు. నేను గుర్రాల మధ్య పుట్టినవాణ్ణి."

ఆమె బిందె అంచు పట్టుకుంది.

"భయపడకండి. ఎవరికీ చెప్పలేదు, చెప్పను. మా అమ్మ కూడా మీలాంటి పనే చేసి ఉండేది." తల వంచుకుని మాట్లాడుతున్నాడు. "చలికాలంలో పడమటికి యుద్ధానికి వెళుతున్నాం. గుర్రాల కోసం మళ్ళీ వస్తారు. వచ్చేవాడు నాలాగా టోపీ తియ్యకపోవచ్చు. ధ్వజం కిందికి చేరితే దాన్ని ఇక ఎవడూ ముట్టుకోడు. అది బతకాలనే చెప్పాను."

దారిజాబ్ అంతా వింది. అందులో అబద్ధం లేదని ఆమెకి అర్థమయింది. కానీ ఆమె మనసు వేరే చోట ఆగిపోయింది.

"తెలుసా నీకు? ఆ రోజే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా మా బావగారి గుర్రం తోలుకుపోయావా?"

అతను చేతిలోని తెల్ల కండువాని మడతపెట్టాడు.

"చెప్పు నాయనా. కుంటికాలి మనిషి. నీ కళ్ళముందే దిగి నడుచుకుంటూ పోయాడు. చూశావుగా."

"నాలుగు కావాలన్నారు పెద్దమ్మా," అన్నాడు. 

కోపం అతని మీద అనుకుంది గాని, నాలుక చివర చేదుగా తగిలింది తన మౌనమే. ఇతనికి పైనుంచి ఆజ్ఞ ఉంది. తన నోరు ఎవరు మూశారు? ముసలాయన రాళ్ళ మీద పాకుతున్నాడు, తోడేలు తీరిగ్గా తింటోంది, ఇక్కడ తన గుర్రం వీపు ఖాళీగా మేస్తోంది.

"ఆ బూడిదరంగు ఆడగుర్రం ఎక్కడుంది?"

"నది వంపు దగ్గర మందలోనే ఉంది. రేపు తోలుకెళతాం."

"నీకు కావలసింది నాలుగేగా. లెక్క సరిపోతే ఏ నాలుగయినా ఒకటేగా."

అతనికి అర్థమయింది.  "వద్దు పెద్దమ్మా. యుద్ధానికి వెళ్ళిన గుర్రం తిరిగి రాదు. ధ్వజం కింద ఉంటే..."

"నా కొడుకూ ఆ ధ్వజం కిందే ఉన్నాడు నాయనా," అంది దారిజాబ్.

ఆ మాట తర్వాత అతను ఆమెకి అడ్డు చెప్పలేదు. గుర్రం కట్టుకొయ్య దగ్గరే ఉంది. ఆమె దాని దగ్గరికి నడిచి, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి మెడ మీద చెయ్యి వేసింది. చర్మం కింద వెచ్చగా వణికింది. పట్టీ ముడి మంచుకి బిగుసుకుపోయింది. గోళ్ళతో రాలేదు. జూలులో ముఖం పెట్టి పళ్ళతో లాగింది. దేవుడికి ఇచ్చింది వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో చిన్నప్పట్నుంచీ విన్నవన్నీ గుర్తొచ్చాయి. "నాకే అవనీ. ఈ పాపం నాది. దీనికీ, ఆయనకీ ఏమీ సంబంధం లేదు," అని గొణిగి, ముడి ఊడదీసింది. పట్టీ మడిచి అంగీ లోపల పెట్టుకుంది.

దళపతి అటు తిరిగి నిలబడి కొండల్ని చూస్తున్నాడు. "నేనేం చూడలేదు," అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "సీమ నుంచి ఇంకో సెతెర్ గుర్రం దొరుకుతుంది."

ఆమె తన కొడుకు జీను తెచ్చి గుర్రం మీద వేసింది. "పద. నేనే తెచ్చి అప్పగిస్తాను."

*

సోద్నోమ్ తన గుడారం ముందు కూర్చుని తెగిన తాడు పేనుకుంటున్నాడు. గిట్టల చప్పుడు విని తలెత్తాడు. బూడిదరంగు ఆడగుర్రాన్ని చూడగానే చేతిలోని తాడు జారిపోయింది. కాలు సంగతి మరిచిపోయి లేచాడు. అది సకిలించి మూతి ఆయన గుండెకి ఆనించింది. "ఏమే, పారిపోయొచ్చావా? తిండి పెట్టలేదా వాళ్ళు?" అంటూ దాని చెవులు నిమిరాడు. అప్పుడు గాని ఆయన జీను వైపు చూడలేదు. వెండి బిళ్ళలున్న చిన్న జీను. అది ఎవరి జీనో ఆయనకి తెలుసు.

దారిజాబ్ దిగి పక్కన నిలబడింది.

"అదెక్కడ?" అన్నాడు.

"ఇచ్చేశాను బావగారూ."

"ఏం చేశావు?"

"పట్టీ విప్పి ఇచ్చేశాను. దీన్ని తెచ్చాను."

మెచ్చుకుంటాడని కాదు గాని, ఆ ముఖం అలా అవుతుందని ఆమె అనుకోలేదు.  "ఎవరడిగారు నిన్ను? ఎవరడిగారంట?" అని అరిచాడు. ఇన్నేళ్ళ పరిచయంలో ఆయన ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు. "నీ కోసం చెప్పాననుకున్నావా ఆ అబద్ధం? కొరడా దెబ్బలకి సిద్ధపడి, నా గుర్రాన్ని ఇచ్చి, ఆ రాళ్ళ మీద పాకి... ఎందుకనుకున్నావు?"

"నా ఒంటరితనం చూసి అనుకున్నాను."

"నీ ఒంటరితనం!" అన్నాడు. "దాన్ని పిల్లప్పుడు పట్టి మచ్చిక చేసింది ఎవరు? వాణ్ణి దాని మీద కూర్చోబెట్టి, పడిపోకుండా నడుముకి తాడు కట్టి పక్కన పరిగెత్తింది ఎవరు? ఈ కాలు అప్పుడు బాగుండేది. రోజూ సాయంత్రం గుట్ట దిగి వచ్చేవాణ్ణి, నీ టీ కోసమనుకున్నావా? నీ టీలో ఎప్పుడూ ఉప్పెక్కువే. దాన్ని ఒకసారి చూసి పోదామని వచ్చేవాణ్ణి. గుమ్మానికి ఎదురుగా ఎప్పుడూ అందుకే కూర్చునేవాణ్ణి. నీకెప్పుడూ తట్టలేదా?"

తట్టలేదు. రెండేళ్ళుగా ఆమె ఆయన గిన్నె నింపింది, ఆయన కళ్ళు ఎటు చూస్తున్నాయో ఒక్కసారీ చూడలేదు. ఆ దుఃఖం మొత్తం తన ఒక్కదాని సొత్తనుకుంది. గుర్రం తనది అనుకుంది, ఇచ్చేసింది. ఇచ్చింది తనది మాత్రమే కాదు.

"నాకు తెలియలేదు బావగారూ," అంది. కన్నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. "మీరొక్క మాట చెప్పలేదు."

"ఎలా చెప్పను? పేరు ఎత్తకూడదాయె."

ఆయన జీను పటకా విప్పబోయాడు.  వదిలేసి, జీను మీద రెండు చేతులూ పెట్టి, ముఖం దాని మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. బావగారు ఏడుస్తుంటే చూడకూడదు. ఆమె గుర్రానికి ఇటు వైపు వచ్చి నిలబడి, తన చెయ్యి కూడా ఆ జీను మీదే పెట్టింది. ఇద్దరి మధ్య గుర్రం ఓపిగ్గా నిలబడింది.

కొంతసేపటికి ఆయన గొంతు వినపడింది, ముఖం ఎత్తకుండానే.

"నది దాకా దాన్ని నువ్వే ఎక్కి వెళ్ళావా?"

"నేనే ఎక్కాను."

"ఎలా నడిచింది?"

"ఎప్పటిలాగే. గడ్డి మైదానం రాగానే పరుగందుకుంది."

"పట్టి ఉంచావా?"

"లేదు బావగారూ. కళ్ళెం వదిలేశాను."

"మంచిపని చేశావు," అన్నాడు. ముక్కు చీదుకుని, గుడారం ముందు నేల మీద మెల్లగా కూర్చున్నాడు. కాలు చాపుకుని, ఎదురుగా ఉన్న రాయి చూపించాడు. "కూర్చో. మొదట్నుంచి చెప్పు. ఎక్కడ మొదలుపెట్టింది, ఎంత దూరం పరిగెత్తింది, అన్నీ చెప్పు."

ఆమె కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.